డిలీట్ చేసినా అవుట్‌లుక్ ఫైలు సైజు ఎందుకు తగ్గదంటే

విజయవాడలో మీ ఆఫీసులో మెయిల్ చూసే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్ ఫైలు 50 జీబీ దగ్గరకొచ్చి కొత్త మెయిల్స్ దించుకోవడం మానేసిందనీ, బోలెడు డిలీట్ చేసినా సైజు కదల్లేదనీ, విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో లిమిట్ పెంచేయమని ఎవరో చెప్పారనీ రాశారు. గుంటూరులో చిన్న ఆఫీసులకు కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని. బ్రాడీపేట ఆడిటర్ల దగ్గరా, మిర్చి ఎగుమతిదారుల దగ్గరా ఈ తలనొప్పి మామూలే. రిజిస్ట్రీ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ముందు నిండింది ఏదో తేల్చుకోండి. మీకు మెయిల్ పంపినవాళ్లకు ‘మెయిల్‌బాక్స్ ఫుల్’ అని తిరిగొస్తుంటే నిండింది సర్వర్. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో డ్రైవ్, ఫొటోలు కూడా వాటా తీసుకుంటాయి, అక్కడ చూసుకోవాలి. అలా కాక మెయిల్ సర్వర్లో భేషుగ్గా ఉండి మీ సిస్టమ్‌లోకి మాత్రం దిగట్లేదంటే నిండింది మీ హార్డ్ డిస్క్‌లో అవుట్‌లుక్ మెయిల్స్ దాచుకునే పీఎస్‌టీ ఫైలు. మీరు రాసిన దాన్నిబట్టి మీది ఈ రకమే. ఫైలు పేరు చివర ఓఎస్‌టీ అని ఉంటే మాత్రం ఆగండి. అది సర్వర్‌కు నకలు. ఇక్కడ మెయిల్ తీసేస్తే సర్వర్లోనూ పోతుంది.

పీఎస్‌టీ పరిమితి అవుట్‌లుక్ 2002 వరకు 2 జీబీ, 2003, 2007ల్లో 20, 2010 నుంచి 50. పాత సిస్టమ్ నుంచి మోసుకొచ్చిన పాత రకం ఫైలైతే, తర్వాతి వెర్షన్ అవుట్‌లుక్‌లో తెరిచినా దాని పరిమితి 2 జీబీయే.

ఇక డిలీట్ సంగతి. తీసేసిన మెయిల్ అదే ఫైల్లోని డిలీటెడ్ ఐటమ్స్‌లోకి వెళ్తుంది. అదీ ఖాళీ చేశారనుకోండి, లోపల జాగా దొరుకుతుందే తప్ప ఫైలు వెంటనే చిన్నదవదు. కోల్డ్ స్టోరేజీలో బస్తాలు ఎత్తేసినంత మాత్రాన గోడలు దగ్గరకు జరగవు కదా. సైజు తగ్గాలంటే కాంపాక్ట్ చేయాలి, అంటే ఆ ఖాళీ జాగాను ఫైల్లోంచి తీసేయించాలి.

దానికి ముందు అవుట్‌లుక్ మూసేసి ఫైలును బయటి డిస్క్‌లోకి కాపీ తీసుకోండి. ఇది మాత్రం వదిలేయొద్దు. తర్వాత మెయిల్స్‌ను సైజు ప్రకారం పేర్చండి. ఇన్‌బాక్స్ కంటే ముందు సెంట్ ఐటమ్స్ చూడండి, ఎవరూ చూడరు అక్కడ. యార్డు దగ్గరి ఒక ఆఫీసులో మిర్చి శాంపిల్ ఫొటోలు, ఫోన్‌లో తీసినవి తీసినట్టే, ఒక్కో కొనుగోలుదారుకూ విడివిడిగా పంపేవారు. ఎంతమందికి పంపితే అన్ని కాపీలు! కాగితాల స్కాన్లు 600 డీపీఐ (స్కాన్ ఎంత స్పష్టంగా ఉండాలో చెప్పే అంకె) కలర్‌లో. ఇన్‌వాయిస్‌కు 200 చాలు బాబూ అంటే వినేవాళ్లేరీ?

పనికిరానివి తీసేసి, డిలీటెడ్ ఐటమ్స్ ఖాళీ చేసి, ఫైల్ మెనూలో అకౌంట్ సెట్టింగ్స్, అందులో డేటా ఫైల్స్, మీ ఫైలు ఎంచుకుని సెట్టింగ్స్, అక్కడ కాంపాక్ట్ నౌ. ఇంత పెద్ద ఫైలుకు గంటలు పట్టొచ్చు. సాయంత్రం పెట్టి వెళ్లిపోండి, స్లీప్ ఆపేసి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద, ఎండాకాలం కరెంటును నమ్మి మొదలుపెట్టకండి. మధ్యలో ఆగితే ఫైలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

దెబ్బతింటే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఫోల్డర్‌లోనే స్కాన్‌పీఎస్‌టీ అనే రిపేర్ టూల్ ఉంటుంది. అవుట్‌లుక్ మూసి, తప్పులేమీ లేవని చెప్పేదాకా మళ్లీ మళ్లీ నడపండి.

తీసేయలేని బిల్లులు, జీఎస్‌టీ కాగితాలకు ఆర్థిక సంవత్సరానికొక కొత్త పీఎస్‌టీ పెట్టి అందులోకి మార్చేయండి. ఆర్కైవ్ ఆప్షన్‌తో చేస్తే కొన్ని పాత మెయిల్స్ కదలకపోవచ్చు. ఆ ఆప్షన్ మెయిల్ వచ్చిన తేదీతోపాటు చివరిసారి మార్పు జరిగిన తేదీ కూడా చూసి, రెండిట్లో తర్వాతిదాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. చేత్తో లాగి పడేయడమే నయం.

రిజిస్ట్రీలో లిమిట్ పెంచడం కుదురుతుంది, కాదనను. కానీ పెరిగిన ఫైలుకు వెతుకులాట నెమ్మదిస్తుంది, బ్యాకప్, రిపేర్ ఇంకా ఆలస్యం. ఇంకోటి, పీఎస్‌టీని వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనో ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవ్‌లోనో పెట్టి వాడుతుంటే ఇవాళే సిస్టమ్ సొంత డిస్క్‌లోకి తెచ్చుకోండి.