డ్రమ్ బ్రేక్ కంటే డిస్క్ బ్రేక్ ఎందుకు మేలంటారు?

వేడిని త్వరగా వదిలించుకోగలదు కాబట్టే డిస్క్ మేలు. ఒక్కసారి గట్టిగా పట్టే బలంలో డ్రమ్ ఏమీ తీసిపోదు. బ్రేక్ చేసే పనల్లా బండి వేగాన్ని రాపిడితో వేడిగా మార్చడం. డిస్క్ అంటే చక్రంతో పాటు తిరిగే పళ్లెం, అది బయటే తిరుగుతుంది కాబట్టి గాలి తగిలి చల్లబడుతుంది, వానలో తడిసినా తొందరగా ఆరుతుంది. డ్రమ్ అంటే చక్రంతో తిరిగే డబ్బా, దాని లోపలి గోడకి షూలు (వంపు తిరిగిన రాపిడి ముక్కలు) మూసి ఉన్న చోట రాసుకుంటాయి, వేడి లోపలే నిలుస్తుంది. పైగా వేడెక్కిన డ్రమ్ వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, దాంతో పెడల్ ఇంకా లోతుకి నొక్కాల్సి వస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు దిగుతూ మలుపు మలుపుకీ బ్రేక్ వేస్తే ఈ తేడా తెలుస్తుంది. (బ్రేక్ ఏదైనా, అక్కడ చిన్న గేరులో దిగడమే అసలు మందు.)

డ్రమ్ అంటే బలహీనం అనుకోవడం మాత్రం పొరపాటు. చక్రం తిరిగే ఊపే ఒక షూని డ్రమ్‌కేసి ఇంకా లాగుతుంది, అందుకే తక్కువ నొక్కుకే బాగా పడుతుంది. మన లారీల్లో చాలావాటికి ఇప్పటికీ డ్రమ్‌లే. చిన్న కార్లకు వెనక డ్రమ్ పెట్టేది కేవలం ఖర్చు తగ్గించడానికే కాదు: బ్రేక్ వేయగానే బరువు ముందుకు వాలి వెనక చక్రాలకు పని తగ్గుతుంది, హ్యాండ్‌బ్రేక్ అమర్చడమూ తేలిక. ఇంకోటి, డిస్క్ ఉన్నంత మాత్రాన ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నట్టు కాదు.