గణితం మాస్టారు చదవడం ఎందుకు నేర్పాలి?

మీరు అడిగింది ఇది: "బి.ఇడి.లో నాది గణితం మెథడ్. ఏ సబ్జెక్టు చెప్పేవారైనా చదవడం కూడా నేర్పాలంటున్నారు. అది తెలుగు మాస్టారి పని కాదా? సిలబస్ ఎప్పుడు పూర్తిచేయాలి?"

కోనసీమలో మా హైస్కూలుకు ఇంటర్న్‌షిప్ కోసం వచ్చే ఛాత్రోపాధ్యాయుల్లో చాలామంది నన్నూ ఇదే అడుగుతారు. నేను భౌతికశాస్త్రం చెబుతాను. 2015 నుంచి బి.ఇడి. రెండేళ్లదయ్యాక ఈ విషయానికి ఒక పేపరు కూడా ఉంది కానీ, దాన్ని గైడు చూసి గట్టెక్కేవారే ఎక్కువ. బ్రిటన్‌లో ఇంగ్లీషు బోధనపై వేసిన బుల్లక్ కమిటీ ఈ మాట చెప్పింది 1975లో. అభ్యంతరమూ అంత పాతదే.

అక్షరాలు కూడబలుక్కోవడం నేర్పమంటే అది తెలుగు మాస్టారి పనే. మిమ్మల్ని అడుగుతున్నది వేరు. "ఒక సంఖ్యను 5 నుండి తీసివేయగా 2 వచ్చింది" అన్న లెక్క ఇచ్చి చూడండి. పిల్లలు మాటలు కనబడిన వరుసలోనే పోయి, ఆ సంఖ్యలోంచి 5 తీసేసి, జవాబు 7 అంటారు. కావలసింది 3. ఆ వాక్యం ఏ పిల్లవాడైనా గడగడా చదువుతాడు, తెలుగు మాస్టారికి అందులో తప్పేమీ వినబడదు. తప్పు ఎక్కడుందో పట్టుకోగలిగేది మీరే.

నా సబ్జెక్టులోనూ అంతే. ఓమ్ నియమం (తీగలో కరెంటు వోల్టేజీకి అనులోమంగా ఉంటుందని చెప్పేది) అప్పజెప్పమంటే "స్థిర ఉష్ణోగ్రత వద్ద" అన్న మాటను అలంకారం అనుకుని మింగేస్తారు. మొన్నొక ఛాత్రోపాధ్యాయురాలు ఆ మాటను బోర్డు మీద కొట్టేసి, "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని అడిగింది. బల్బు ఫిలమెంటు వేడెక్కితే నిరోధం పెరుగుతుందని, అప్పుడు నియమం నిలవదని పిల్లలే తేల్చారు. దానికి పీరియడంతా పట్టలేదు.

సోషల్ వారి సంగతి మరీ విచిత్రం. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరి పాయల మధ్యే పుట్టి పెరిగిన పిల్లలు, వరద తీశాక లంకల్లో ఒండ్రు తొక్కిన పిల్లలు, డెల్టా నిర్వచనాన్ని బట్టీ పడతారు. అందులో ఏది కారణం, ఏది ఫలితం అని అడిగితే నేల చూపులు చూస్తారు.

ఒకరి తర్వాత ఒకరిని లేపి బిగ్గరగా చదివించడం మాత్రం వద్దు. తన వంతు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకోవడం తప్ప మిగతావారు ఏమీ వినరు. ఎనిమిదో తరగతిలోనూ అక్షరాలు రానివారుంటే ఆ భారం మీ ఒక్కరిదే అనుకోకండి. హెడ్మాస్టరుకు, తెలుగు మాస్టారికి చెప్పండి.

ఇంటర్న్‌షిప్‌లో మాటల్లో, చిన్న కథలా ఇచ్చే లెక్కలతో మొదలుపెట్టండి. పాఠ్యపథకంలో ఒక్క లెక్క ఎంచుకుని, అంకెలు చెరిపేసి, కథ మాత్రమే బోర్డు మీద ఉంచి, ఏం అడుగుతున్నారో పిల్లల చేత వాళ్ల మాటల్లో చెప్పించండి. అంకెలు ఆ తర్వాత ఇవ్వవచ్చు.