సీఆర్‌పీ నార్మల్ అయితే లూపస్ అదుపులో ఉన్నట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు, బరువు 52 కిలోలు. లూపస్‌కు మందులు వాడుతోంది. ఈమధ్య వేళ్ల కీళ్ల నొప్పులు, నీరసం మళ్లీ మొదలయ్యాయి. ఈఎస్‌ఆర్ 78 వచ్చింది, సీఆర్‌పీ మాత్రం నార్మల్. ల్యాబ్ వాళ్లు పొరపాటు చేశారా? ఇంటర్‌ల్యూకిన్-6 పరీక్ష చేయిస్తే తేలిపోతుందని బంధువులంటున్నారు. చేయించమంటారా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: ల్యాబ్‌ను అనుమానించక్కర్లేదమ్మా. లూపస్ అంటే రోగనిరోధక వ్యవస్థ మన శరీరం మీదే దాడి చేసే జబ్బు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) సూచించే రక్తపరీక్షలు. లూపస్‌లో అవి ఇలా రావడం మామూలే. సీఆర్‌పీ అనే ప్రొటీన్ కాలేయంలో తయారవుతుంది. తయారు చేయమని సంకేతమిచ్చే ప్రొటీన్ ఇంటర్‌ల్యూకిన్-6. కానీ లూపస్‌లో పెత్తనం ఎక్కువగా ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా అనే మరో సంకేత ప్రొటీన్‌ది. అది సీఆర్‌పీ తయారీని అణిచేస్తుంది. అందుకే జబ్బు రేగినా సీఆర్‌పీ పెరగకపోవచ్చు. ఈఎస్‌ఆర్ సంగతి వేరు: రక్తంలో ఫైబ్రినోజెన్, యాంటీబాడీలు పెరిగినా, రక్తహీనత ఉన్నా పెరుగుతుంది. కాబట్టి అదొక్కటే చూసి జబ్బు తిరగబెట్టిందని కూడా అనలేం.

లూపస్ ఉన్నవారికి జ్వరంతో పాటు సీఆర్‌పీ బాగా పెరిగితే ముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి. ఊపిరితిత్తుల, గుండె పొరల వాపులోనూ అది పెరుగుతుంది.

ఇంటర్‌ల్యూకిన్-6 పరీక్ష వద్దు. చిన్న జలుబుకే అది పెరుగుతుంది, తీసిన రక్తం ఎక్కువసేపు నిలవ ఉన్నా అంకె మారుతుంది. పైగా ఆ అంకెను బట్టి లూపస్ మందులు మార్చరు. ఆ డబ్బుతో మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి, మామూలు మూత్ర పరీక్ష, సీబీసీ (రక్తకణాల లెక్క), రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరుకు), సీ3, సీ4 (రోగనిరోధక వ్యవస్థ ప్రొటీన్లు), డీఎస్-డీఎన్‌ఏ యాంటీబాడీలు (సొంత డీఎన్‌ఏ మీదే తయారయ్యేవి) పరీక్షలు చేయించండి. పాత రిపోర్టులు పక్కన పెట్టి పోల్చాలి. సీ3, సీ4 తగ్గుతూ యాంటీబాడీలు పెరుగుతుంటే జాగ్రత్తపడాలి. మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి 0.5 దాటితే ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టుకు (కీళ్లు, లూపస్ వంటి జబ్బుల నిపుణులకు) చూపించండి, కిడ్నీ బయాప్సీ అవసరం కావచ్చు. లూపస్ కిడ్నీని దెబ్బతీస్తున్నా మొదట్లో నొప్పి తెలియదు. నాకు అన్నిటికన్నా భయం అదే.

హైడ్రాక్సీక్లోరోక్విన్ సరిగ్గా వేసుకుంటోందా? ఇంటర్‌ఫెరాన్ తయారీకి దారితీసే సంకేతాలను తగ్గించే మందు అది. కళ్లకు చేటని భయపడి మానేసేవాళ్లు చాలామంది. ఆపిన వెంటనే తేడా తెలియదు, వారాలో నెలలో గడిచాక జబ్బు రేగుతుంది. కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకపోతే కంటికి ముప్పు తక్కువ. మీ అమ్మాయికి ఆ హద్దు రోజుకు 260, అంటే వారానికి 1820. రోజూ ఒక 200 మాత్ర, వారంలో రెండు రోజులు మాత్రం రెండేసి వేసుకుంటే 1800 అవుతుంది. కిడ్నీ పనితీరు తగ్గితే ఇంకా తగ్గించాలి. అందుకే మోతాదు డాక్టరే నిర్ణయించాలి. మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా రెటీనా పరీక్ష చేయించాలి.

ఎండ సంగతి కూడా. అతినీలలోహిత కిరణాలకు చర్మకణాలు చనిపోయి, వాటిలోంచి బయటపడ్డ డీఎన్‌ఏ ఇంటర్‌ఫెరాన్‌ను రెచ్చగొడుతుంది. మధ్యాహ్నం స్కూటీ మీద వెళితే పొడవు చేతుల చొక్కా, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ తప్పనిసరి. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. బస్సు అద్దం యూవీ-ఏ కిరణాలను పూర్తిగా ఆపదు.

నొప్పులు పెరిగాయని స్టెరాయిడ్ మోతాదు ఇంట్లోనే పెంచకండి, ఉన్నట్టుండి ఆపనూ వద్దు.