రాత్రి 8 దాటితే వలొరంట్‌లో పింగ్ 300కి పోతోంది, లాప్‌టాప్ మార్చమంటారా?

లాప్‌టాప్ మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. పొద్దున వలొరంట్ (ఆన్‌లైన్ షూటింగ్ గేమ్) ఆడితే పింగ్, అంటే మన డేటా ముక్క సర్వర్‌కి పోయి తిరిగొచ్చే సమయం, 30 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉంటోంది, రాత్రి 8 దాటాక 200, 300కి ఎగిరి దిగుతోంది, స్పీడ్ టెస్ట్ పెడితే మాత్రం 100 ఎంబీపీఎస్ చక్కగా వస్తోంది అన్నారు. ప్రాసెసర్‌కి పొద్దునా రాత్రీ తేడా ఏం తెలుస్తుంది చెప్పండి?

అయినా అనుమానం లేకుండా ఒకటి తేల్చుకోండి. గేమ్ సెట్టింగ్స్‌లో వీడియోలోకి వెళ్తే స్టాట్స్ అని ఉంటుంది. అందులో క్లయింట్ ఎఫ్‌పీఎస్ (మీ సిస్టమ్ సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో), నెట్‌వర్క్ ఆర్‌టీటీ (పింగే), ప్యాకెట్ లాస్ (దారిలో పోయిన డేటా ముక్కలు) మూడిటికీ గ్రాఫ్ ఆన్ చేసుకోండి. ఆట తడబడిన క్షణంలో ఏ గీత కదిలిందో చూడండి. ఎఫ్‌పీఎస్ పడిపోయి ఆర్‌టీటీ అలాగే ఉంటే అది సిస్టమ్ గొడవ: ఛార్జర్ తీసేసి ఆడటం, ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము, ఒక్కటే ర్యామ్ స్టిక్, ఇలాంటివి. వాటికి కూడా కొత్త లాప్‌టాప్ అక్కర్లేదు. ఆర్‌టీటీ ఎగిరితే మాత్రం కింద రాసింది మీ కోసమే.

స్పీడ్ టెస్ట్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అందరం అక్కడే మోసపోతాం. అది సెకనుకి ఎంత డేటా వస్తుందో చెప్తుంది. వలొరంట్‌కి పట్టేది అందులో చాలా కొంచెమే. కానీ సర్వర్ సెకనుకి 128 సార్లు అప్‌డేట్ అవుతుంది, అంటే ఇంచుమించు 8 మిల్లీసెకన్లకి ఒకసారి. మనకి కావలసింది ఆ చిన్న చిన్న ప్యాకెట్లు వేళకి రావడం. 100 బదులు 300 ప్లాన్ తీసుకున్నా ఆ వేళ మారకపోవచ్చు.

మాది కూకట్‌పల్లిలో ఫ్లాట్, నాదీ అచ్చం మీ గొడవే. నేను చేసింది ఇది. కమాండ్ ప్రాంప్ట్ రెండు విండోలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్‌ని (మాది 192.168.1.1, మీది వేరేగా ఉండొచ్చు), రెండోదాంట్లో 8.8.8.8ని (ఇంటి బయట ఉన్న గూగుల్ సర్వర్) పింగ్ చేస్తూ వదిలేశాను. చివర హైఫన్, టీ పెడితే ఆగకుండా నడుస్తుంది. లాప్‌టాప్ నుంచి హాల్లో ఉన్న రౌటర్‌కి ఒకటి రెండు మిల్లీసెకన్లు రావాలి. రాత్రిపూట అది 2, 3, 140, 4, 210 అని గెంతడం మొదలెట్టింది. ఇంకా ఇల్లు దాటనే లేదు!

కారణం వైఫై. పొద్దున అపార్ట్‌మెంట్ అంతా ఆఫీసులకీ కాలేజీలకీ పోతుంది, రాత్రి అందరూ ఇంటికొచ్చి ఓటీటీ పెడతారు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మూడే. పైనా కిందా పక్కనా ఉన్న రౌటర్లన్నీ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే కొంత నయం గానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. రౌటర్ నుంచి లాప్‌టాప్‌కి నెట్‌వర్క్ కేబుల్ ఒక్కటే మందు. మామూలు క్యాట్ 6 చాలు, 'గేమింగ్' అని రాసి మూడింతలు ధర వేసినది వద్దు. తలుపు కింద దూరేలా బల్లపరుపు కేబుల్ దొరుకుతుంది. మా అమ్మ ఒప్పుకుంది ఆ రకానికే.

దాంతో రౌటర్ పింగ్ 1 దగ్గర అతుక్కుపోయింది. 8.8.8.8 మాత్రం ఇంకా అప్పుడప్పుడు ఎగిరేది, అదీ రాత్రి భోజనాల వేళకే. ఆ వేళకి నాన్న ఫోన్ ఇంటి వైఫైకి తగిలి, పగలు తీసిన వీడియోలన్నీ బ్యాకప్‌కి ఎక్కించడం మొదలెట్టేది. డౌన్‌లోడ్ ఎంత ఖాళీగా ఉన్నా, అప్పటి మా ప్లాన్‌లో అప్‌లోడ్ తక్కువ, అది నిండిపోయేది. నిండినప్పుడు రౌటర్ ప్యాకెట్లని వెంటనే పారేయదు, తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో భక్తుల్లాగా కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెడుతుంది. నా బుల్లెట్ కూడా ఆ వీడియోల వెనకాలే కూర్చోవాలి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ఫోన్ వైఫై ఆపి చూస్తే పింగ్ ఆ క్షణమే దిగింది, కాబట్టి ఇంక సందేహం లేదు.

దీనికి విరుగుడు రౌటర్‌లోనే ఉంటుంది. క్యూఓఎస్ లేదా బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ (ఎవరికి ఎంత వేగమో పంచే సెట్టింగ్) అని ఉంటే, మొత్తం అప్‌లోడ్‌ని అసలు వచ్చే వేగంలో 85, 90 శాతానికి కట్టేయండి. రౌటర్‌లో ఎస్‌క్యూఎమ్ (ఆ క్యూని పెరగనివ్వకుండా చూసే సెట్టింగ్) ఉంటే ఇంకా మంచిది, రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నవాళ్లకి అది దొరుకుతుంది. అవేవీ లేకపోతే ఆ ఫోన్ ఒక్కదానికే లిమిట్ పెట్టండి. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటుంది, మీ అప్‌డేట్ ఫైళ్లని ఇంటర్నెట్‌లో వేరేవాళ్ల పీసీలకి కూడా పంపగలదు. ఆపేయండి. వన్‌డ్రైవ్‌కి అప్‌లోడ్ పరిమితి, స్టీమ్‌కి డౌన్‌లోడ్ పరిమితి వాటి సెట్టింగ్స్‌లోనే ఉంటాయి.

ఇంట్లో ఎవరూ ఏమీ వాడకుండా, కేబుల్ మీద ఉండి కూడా బయటి పింగ్ ఎగిరితే అప్పుడు ప్రొవైడర్ వంతు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 'స్పీడ్ బాగానే వస్తోంది కదండీ' అంటారు. నాకూ అదే అన్నారు. ఉత్త మాటలకి వాళ్లు కదలరు, అంకెలు చూపించాలి. ఫైబర్ వచ్చి చేరే డబ్బాని ఓఎన్‌టీ అంటారు. రౌటర్ పేజీలో లాగిన్ అయితే ఆప్టికల్ పవర్ లేదా ఆర్ఎక్స్ పవర్ అని, ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం డీబీఎమ్ లెక్కలో మైనస్ అంకెగా కనిపిస్తుంది. సాధారణంగా మైనస్ 27 డీబీఎమ్ కంటే కిందికి దిగితే లైన్ బలహీనంగా ఉన్నట్టు. మా ఇంట్లో మైనస్ 28 దాటి ఊగుతుంటే దాన్ని ఫోటో తీసి లైన్‌మన్‌కే నేరుగా వాట్సాప్‌లో పంపాను. ఆయన వచ్చి కిటికీ దగ్గర చూశాడు. స్లైడింగ్ తలుపు వేసినప్పుడల్లా ఫైబర్ సన్నగా మడత పడుతోంది. అక్కడ కోసి, కొత్త కనెక్టర్ వేసి, బారుగా తిప్పి బిగించాడు. మైనస్ 21కి వచ్చింది. పావుగంట పని.

ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏయే రౌటర్ల మీదుగా పోతోందో మెట్టు మెట్టుగా చూపే కమాండ్) తీసేటప్పుడు ఒక జాగ్రత్త. మధ్యలో ఏదో ఒక మెట్టు దగ్గర 200 కనిపించి, ఆ తర్వాతి మెట్లన్నీ 30కి దిగిపోతే భయపడాల్సింది లేదు. ఆ రౌటర్ పింగ్‌కి జవాబివ్వడంలో బద్ధకిస్తోంది, అంతే, మీ ఆట దానివల్ల ఆగడం లేదు. ఒక మెట్టు నుంచి చివరిదాకా అన్నీ పెరిగితేనే అక్కడ తప్పు ఉన్నట్టు.

రోజంతా ఒకే రకంగా 80, 90 ఉంటే అది వేరే కథ, మీ ఆట ముంబై బదులు సింగపూర్ సర్వర్‌లో పడుతోందేమో చూడండి. దూరాన్ని ఏ సెట్టింగూ తగ్గించలేదు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు సంక్రాంతి సెలవుల్లో మాతో ముంబై సర్వర్‌లో ఆడతానంటాడు. తిన్నగా గీత గీసినా రానూపోనూ 140 మిల్లీసెకన్లు, కేబుళ్లు తిరిగి తిరిగి వచ్చేసరికి 200 దాటుతుంది. మూల దగ్గర వాడు మమ్మల్ని చూసేలోపు మేం వాడిని లేపేస్తాం, వాడేమో మాకు హ్యాక్స్ ఉన్నాయంటాడు.

డీఎన్ఎస్ మార్చమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. డీఎన్ఎస్ పని సర్వర్ అడ్రస్ వెతికిపెట్టడం వరకే, మ్యాచ్ నడుస్తుండగా పింగ్‌కి దానితో సంబంధం లేదు. గేమ్ బూస్టర్ యాప్‌లూ వద్దు. వీపీఎన్ (మీ డేటాని వేరే సర్వర్ మీదుగా పంపే సర్వీస్) మాత్రం కొన్నిసార్లు పనిచేస్తుంది, ప్రొవైడర్ ముంబైకి చుట్టుదారిలో పంపుతున్నప్పుడు. డబ్బు కట్టేముందు ఉచిత ట్రయల్‌లో పింగ్ చూసుకోండి.

ఈ రాత్రి 8:30కి ఆ రెండు విండోలు పెట్టి పది నిమిషాలు నడపండి. రౌటర్ పింగ్, బయటి పింగ్, ఓఎన్‌టీలో పవర్ అంకె, ఆ టైములో ఇంట్లో ఎవరెవరి ఫోన్లు వైఫైలో ఉన్నాయో కింద రాయండి, చూసి చెప్తాను.