ప్లాన్ దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా రూల్స్ మారితే బిల్డర్ పరిస్థితి ఏమిటి?

ప్రశ్న: ముగ్గురు భాగస్వాములం కలిసి రెండు బ్లాకుల అపార్ట్‌మెంట్ కడుతున్నాం. మొదటి బ్లాక్‌కి ప్లాన్ అప్రూవల్, రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్నాయి. సగానికి పైగా ఫ్లాట్లకు అగ్రిమెంట్లు కూడా అయ్యాయి. రెండో బ్లాక్ దరఖాస్తు ఆఫీసులో ఉండగానే సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం), ఫీజుల నిబంధనలు మారుస్తూ కొత్త జీఓ వచ్చింది. ఆ బ్లాక్‌లో ఫ్లాట్లకు తెలిసినవాళ్ల దగ్గర కొంత అడ్వాన్స్ తీసుకున్నాం. కొత్త రూల్స్ మాకు వర్తిస్తాయా? పెరిగిన ఖర్చు, ఆలస్యం కొన్నవాళ్ల మీద వేయవచ్చా?

జవాబు: మీరు అడగని విషయంతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. రెండో బ్లాక్ కోసం తీసుకున్న అడ్వాన్స్ వెంటనే వెనక్కి ఇచ్చేయండి. రెరా చట్టం సెక్షన్ 3 ప్రకారం ప్రాజెక్టులో ప్రతి దశా విడి ప్రాజెక్టే. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. తెలిసినవాళ్లే కదా అనే మినహాయింపు చట్టంలో ఎక్కడా లేదు. సెక్షన్ 59 కింద జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా ఉండొచ్చు. పైగా ప్లాన్ మారితే మీరు అమ్ముతామన్న ఫ్లాట్ ఆ కొలతల్లో ఉండకపోవచ్చు. నమ్మి డబ్బిచ్చినవాళ్లను ఆ టెన్షన్‌లోకి లాగకండి.

ఇక కొత్త రూల్స్ సంగతి. మొదటి బ్లాక్‌కి అనుమతి చేతికొచ్చింది కాబట్టి సాధారణంగా దాని ప్రకారమే కట్టుకోవచ్చు. అయితే అనుమతికీ గడువుంటుంది. అది దాటిపోయి రెన్యువల్‌కు వెళ్తే కొత్త నిబంధనలు ఎదురుకావచ్చు, తేదీ చూసుకోండి. రెండో బ్లాక్ విషయంలో మీకు అనుకూలంగా చెప్పలేను. దరఖాస్తు పెట్టినంత మాత్రాన పాత రూల్స్ మీద హక్కు పుట్టదనీ, అనుమతి ఇచ్చే రోజున అమల్లో ఉన్న నిబంధనలే లెక్క అనీ హౌరా మున్సిపల్ కార్పొరేషన్, గ్యాంజెస్ రోప్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీకున్న ఆశ ఒక్కటే: పెండింగ్ దరఖాస్తులకు పాత నిబంధనలే వర్తిస్తాయనే మినహాయింపు కొన్ని జీఓల్లో ఉంటుంది. పేపర్‌లో వచ్చిన వార్త కాకుండా జీఓ పూర్తి పాఠం చదవండి. అలాంటి క్లాజు ఉంటే, మీ దరఖాస్తు అన్ని పత్రాలతో ఏ తేదీకి పూర్తయిందన్నది కీలకం. కొర్రీలకు మీరిచ్చిన జవాబులు, రసీదులు జాగ్రత్త చేసుకోండి.

ఖర్చు విషయానికొస్తే, అది మొదటి బ్లాక్ అగ్రిమెంట్లలో ఏం రాశారో దాన్నిబట్టి ఉంటుంది. రెరా కింద చాలా రాష్ట్రాలు పెట్టిన నమూనా అగ్రిమెంట్ ప్రకారం సిమెంటు, స్టీలు, కూలీ పెరిగాయని ధర పెంచడానికి వీల్లేదు. ప్రభుత్వ సంస్థలు డెవలప్‌మెంట్ ఛార్జీలు పెంచితే మాత్రం అడగవచ్చు. అప్పుడూ ఆ ఉత్తర్వు కాపీని డిమాండ్ లెటర్‌కు జతచేయాలి. అనుకున్న గడువు దాటాక పెరిగిన ఛార్జీ మీరే భరించాలి. కాబట్టి అగ్రిమెంట్‌లో ఈ భాగాన్ని మీ లాయర్‌తో చదివించాకే ఎవరికైనా లెటర్ పంపండి.

ఇలాంటిదే ఇంకో ప్రశ్న మీకు కొనుగోలుదారుల నుంచి రావచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, మాకూ తగ్గించండి అంటారు. కట్టడంలో ఉన్న ఫ్లాట్‌పై వాళ్లు కట్టే పన్ను రేటు దానివల్ల మారలేదు. ఇన్‌పుట్ క్రెడిట్ (సామగ్రిపై బిల్డర్ కట్టిన పన్ను సర్దుబాటు) లేకుండా 5 శాతం, అఫర్డబుల్ ఇళ్లకు 1 శాతం అనే 2019 ఏప్రిల్ నాటి రేట్లే ఉన్నాయి. అగ్రిమెంట్‌లోని పన్ను క్లాజు సాధారణంగా ఫ్లాట్‌పై పన్నుకు సంబంధించిందే. అయినా కొంత తగ్గించి ఇస్తే మంచిదని నా అభిప్రాయం.

ఆలస్యం విషయంలో చట్టం కొనుగోలుదారు పక్షాన గట్టిగా నిలబడింది, అదే న్యాయం కూడా. సెక్షన్ 6లో యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, ఇతర ప్రకృతి వైపరీత్యాలే ఫోర్స్ మెజ్యూర్ (మన చేతుల్లో లేని కారణం). విధానం మారడం ఆ జాబితాలో లేదు. మీ తప్పు లేదని చూపిస్తే రెరా అథారిటీ మొత్తంగా ఏడాదికి మించకుండా పొడిగింపు ఇవ్వవచ్చు. గడువు ముగిసేదాకా ఆగకుండా ఇప్పుడే దరఖాస్తు సిద్ధం చేసుకోండి. కానీ పొడిగింపు వచ్చినంత మాత్రాన కొన్నవాళ్ల హక్కు పోదు. అగ్రిమెంట్‌లో చెప్పిన తేదీకి ఇల్లివ్వకపోతే సెక్షన్ 18 కింద వడ్డీతో సహా డబ్బు వాపసు అడగొచ్చు, లేదా ఫ్లాట్ ఉంచుకుని ప్రతి నెలకూ వడ్డీ అడగొచ్చు. అనుకోని పరిణామాలు, చివరికి కోర్టు స్టేలు అడ్డొచ్చినా వాపసు హక్కు పోదని న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో 2021 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది.

చివరగా ఒక హెచ్చరిక. కొత్త జీఓలో అదనపు అంతస్తుకు వీలుందని మొదటి బ్లాక్ ప్లాన్ మార్చాలనిపించవచ్చు. సెక్షన్ 14 ప్రకారం మీరు కాక మిగతా కొనుగోలుదారుల్లో మూడింట రెండొంతుల మంది ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒకే కుటుంబం నాలుగు ఫ్లాట్లు కొన్నా ఆ లెక్కలో వాళ్లది ఒక్క ఓటే. సంతకాలు రాకముందు సవరించిన ప్లాన్ ఆఫీసులో పెట్టకండి.