చందమామ లేని రాత్రి చూసుకుని వెళ్లు

చిన్నీ,

కరీబియన్ సముద్రంలో అమెరికా చేతిలో ఉన్న దీవి ప్యూర్టో రీకోకి టికెట్లు చూస్తున్నామని, రాత్రిపూట మెరిసే నీళ్లు చూడాలని ఉందని రాశావు. ఇంకా కొనలేదు కదా? అయితే ముందు క్యాలెండర్ తియ్యి. విమానం చవకగా దొరికిన రోజు చూసుకుని అందరూ బయల్దేరతారు. తీరా అక్కడికెళ్లి తలెత్తి చూస్తే ఆకాశంలో నిండు చందమామ ఉంటాడు.

మేమూ మొదటిసారి అలాగే వెళ్లాం. మీ పెద్దనాన్న హోటలు, కారు, భోజనాలు అన్నిటికీ లెక్కలు వేశారు, తిథి ఒక్కటి మర్చిపోయారు. పౌర్ణమికి రెండు రోజుల ముందు పడవెక్కాం. వెన్నెల పిండి ఆరబోసినట్టుంది. తెడ్డు వేస్తే నీళ్లలో ఏదో కదిలిందా, మన భ్రమా అన్నట్టు ఓ మసక వెలుగు, అంతే. బుక్ చేసేటప్పుడు "ఏ రోజైనా ఒకటేనండీ" అని నమ్మకంగా చెప్పిన మనిషి తర్వాత డబ్బులు తిరిగివ్వలేదు. ఆ మాట ఇంకెవరు చెప్పినా నమ్మకు.

అమావాస్యకు అటు నాలుగు రోజులు, ఇటు నాలుగు రోజులు మంచివి. సెలవు దొరక్క ఆ రోజులు కుదరలేదనుకో, పౌర్ణమికి ముందు కన్నా తర్వాత వెళ్లడం నయం. పౌర్ణమి దాటాక చందమామ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. బహుళ పంచమి నాటికి రాత్రి పది అయితే గాని కనబడడు. నువ్వు ఎనిమిదింటికి పడవెక్కి, చూసుకుని ఒడ్డుకొచ్చేసేంత చీకటి దొరుకుతుంది. పౌర్ణమికి ముందు రోజుల్లో అయితే సాయంత్రానికే ఆకాశంలో కూర్చుంటాడు, ఏమీ చెయ్యలేం.

ఇక ఎక్కడికి అన్నది. అక్కడ ఇలా నీళ్లు మెరిసే చోట్లు మూడున్నాయి. లాహాస్ దగ్గర లా పార్గేరాలో నీళ్లలో దిగి ఈత కొట్టనిస్తారు, అదొక్కటే దాని గొప్ప. మోటారు బోట్లు, ఒడ్డున దీపాలు ఎక్కువై వెలుగు బాగా తగ్గింది. ఫహార్డోలోని లగూనా గ్రాండే రాజధాని సాన్ హువాన్ నుంచి కారులో గంట దూరం, ఒక్క సాయంత్రంలో చూసి వచ్చెయ్యొచ్చు. మడ చెట్ల మధ్య సన్నటి కాలువలోంచి కయాక్, అంటే చిన్న తెడ్డు పడవ, తోసుకుంటూ వెళ్లాలి. ఎదురుగా వచ్చే కయాక్‌లు ఢీకొంటాయి, చెట్ల వేళ్లు భుజాలకి గీసుకుంటాయి, వచ్చేటప్పటికి చేతులు పడిపోతాయి. సరదాగానే ఉంటుంది గానీ మీ అత్తగారిని తీసుకెళ్తే మాత్రం ఆలోచించుకో.

నన్నడిగితే వియెకెస్ దీవికే వెళ్లు. అక్కడి మస్కిటో బే (బే అంటే చిన్న అఖాతం) ఇలా మెరిసే బేలలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ వెలిగేదని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. ఆ దీవిలో చాలా భాగం 2003 దాకా అమెరికా నౌకాదళం చేతిలో ఉండేది. వాళ్లు వెళ్లాక అందులో ఎక్కువ భాగాన్ని వన్యప్రాణులకి వదిలేశారు. పెద్ద హోటళ్లు లేవు, దీపాలు తక్కువ. మనకి కావలసింది ఆ చీకటే.

ఫెర్రీ సేబా ఊరి నుంచి ఎక్కాలి. పాత రాతల్లో ఫహార్డో అని ఉంటుంది, అది చదివి అక్కడికి పోయేవు. టికెట్ చవకే గాని సీటు దొరకడం కష్టం, ముందే తీసుకో. అద్దె కారు ఫెర్రీ మీద ఎక్కించడానికి మామూలుగా కంపెనీలు ఒప్పుకోవు, దీవిలోనే వేరే తీసుకోవాలి. పడవ షికారు అయ్యాక తిరుగు ఫెర్రీ అందదు కాబట్టి రాత్రికి అక్కడే ఉండేలా చూసుకోండి. ఎస్పెరాన్సా వైపు గది దొరికితే బే దగ్గరవుతుంది. రాత్రి కారు మెల్లగా నడపమను, రోడ్డు మీద గుర్రాలు నిలబడి ఉంటాయి. వాటికి ఏ హారనూ లెక్కలేదు.

ఆ వెలుగు ఇచ్చేది పైరోడినియం బహామెన్స్ అనే ఏకకణ జీవి. కంటికి కనబడదు, గ్యాలన్ నీళ్లలో లక్షల్లో ఉంటుంది. పగలంతా ఎండ తింటుంది. రాత్రి ఎవరైనా కదిపితే ఉలిక్కిపడినట్టు క్షణంలో పదో వంతు సేపు నీలంగా వెలుగుతుంది. మడ చెట్ల ఆకులు రాలి కుళ్లితే వాటికి తిండి. బే మూతి సన్నంగా ఉండడం వల్ల సముద్రంలోకి కొట్టుకుపోకుండా అక్కడే నిలుస్తాయి. ఇంత సున్నితమైన ఏర్పాటు కనకే అక్కడ ఈత నిషేధం. దోమల మందు, సన్‌స్క్రీన్ లాంటివి ఒంటికి రాసుకుని వెళ్లకు, ఆ నీళ్లలో కలిస్తే వాటికి చేటు. పేరులోనే దోమ ఉంది కదా, పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుంటే సరిపోతుంది.

2017 సెప్టెంబరులో మరియా తుఫాను వచ్చి మడ చెట్లు విరగ్గొట్టి, వాననీళ్లు నింపేస్తే కొన్ని నెలలు బే చీకటైపోయింది. తర్వాత మళ్లీ వెలిగింది. జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం, రోజుల తరబడి వాన పడితే వెలుగు తగ్గుతుంది. చిరుజల్లుకి మాత్రం వెనక్కి రావద్దు. మేం రెండోసారి వెళ్లినప్పుడు ఐదు నిమిషాలు చినుకులు పడ్డాయి, ఒక్కో చినుకు పడ్డ చోట ఒక్కో నిప్పురవ్వ లేచింది. మీ పెద్దనాన్న కూడా నోరు మూసుకుని చూశారు, అది నీకు తెలుసుగా ఎంత అరుదో.

పడవలో ఫోన్ సంచిలో పెట్టెయ్యి. మామూలు ఫోన్లో ఆ మెరుపు సరిగా పడదు, పైగా ఆ స్క్రీన్ వెలుగుకి కళ్లు చెదిరి మళ్లీ చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. నీకే కాదు, పక్క పడవలో వాళ్లకి కూడా. తెడ్డు పైకెత్తి కాసేపు ఆగు. దాని అంచునుంచి జారే చుక్కలు మోచేతి మీద పడి ఒక్కొక్కటే వెలిగి ఆరిపోతుంటాయి. పడవ కింద చేప పారిపోతే గీత గీసినట్టు కనబడుతుంది. గైడు ఆకాశంలో నక్షత్రాల పేర్లు చెబుతుంటాడు, విను గాని కళ్లు నీళ్ల మీదే ఉంచు.

కారులో పొడి బట్టలు, తువ్వాలు పెట్టుకోండి. తేదీలు అనుకున్నాక, డబ్బు కట్టే ముందు నాకొకసారి ఫోన్ చెయ్యి. తిథి చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ