కోళ్లకు వేసే యాంటీబయాటిక్స్‌కీ, మనుషుల రక్తంలో చేరే మొండి బ్యాక్టీరియాకీ నిజంగా సంబంధం ఉందా? చికెన్ మానేయాలా?

ఉంది. చికెన్ సంగతి తర్వాత చెప్తాను.

2018లో రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. అనపర్తి వైపు నుంచి ఒక పెద్దాయన్ని తెచ్చారు. గుడ్ల కోళ్ల ఫారం ఉంది, షుగరు ఉంది. మూత్రంలో మంటతో మొదలై చలిజ్వరం, ఆపైన బీపీ పడిపోవడం. రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్ సీసాలు రాత్రి మెషీన్‌లో పెడితే తెల్లారేసరికి అలారం మోగింది. పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా. ఏ మందుకి లొంగుతుందో (సెన్సిటివిటీ) చూస్తే సిప్రోఫ్లాక్సాసిన్‌కి లొంగలేదు, సెఫ్‌ట్రియాక్సోన్‌కి లొంగలేదు, డాక్సీసైక్లిన్‌కీ లొంగలేదు. మెరోపెనెమ్ పనిచేయబట్టి బతికి బయటపడ్డారు.

రిపోర్టు కోసం ఆయన కొడుకు కిటికీ దగ్గరకొచ్చాడు. మందుల పేర్ల మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయి కొలిస్టిన్ (మిగతావి పనిచేయనప్పుడు ఆఖరుగా వాడే యాంటీబయాటిక్) దగ్గర ఆగాడు. "మేడమ్, ఇది మా ఫారంలో ఉంటుందండి. కోడిపిల్లల్ని దింపిన వారం నీళ్లలో కలిపి పట్టిస్తామండి. డాక్సీ కూడా. ఎన్రో అయితే ఎప్పుడూ ఉంటుందండి" అన్నాడు. జబ్బు చేసిన కోళ్లకా అని అడిగాను. "అబ్బే, రాకుండానండి!"

ఎన్రో అంటే ఎన్రోఫ్లాక్సాసిన్. కోడి ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది. కోడి పేగుల్లో మామూలు ఈ.కోలై చచ్చిపోయి, గైర్‌-ఏ జీన్‌లో మార్పు ఉన్నది మిగిలి పెరుగుతుంది. దానిమీద మనం మింగే సిప్రో కూడా పనిచేయదు. ఆ పెద్దాయన రక్తంలోది ఫారం నుంచే వచ్చిందని కాగితం మీద రుజువు చూపించమంటే చూపించలేను. నన్నడిగితే మాత్రం అక్కడిదే.

అందరూ "కోడి బ్యాక్టీరియా మనిషిలోకి వచ్చిందా" అనే అడుగుతారు. బ్యాక్టీరియా రానక్కర్లేదు, జీన్ వస్తే చాలు. సెఫ్‌ట్రియాక్సోన్ లాంటి మందుల్ని పనిచేయనివ్వని సీటీఎక్స్-ఎం లాంటి జీన్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉంటాయి. పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినట్టు, ఒక బ్యాక్టీరియా దాన్ని పక్కదానికిచ్చినా తన దగ్గర అలాగే ఉంటుంది. కొలిస్టిన్‌కి లొంగకపోవడం క్రోమోజోమ్ మార్పులతోనే వస్తుంది, పక్కదానికి అంటదు అనుకునేవాళ్లు. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు పందుల్లోని ఈ.కోలైలో ఎంసీఆర్-1 జీన్‌ని ప్లాస్మిడ్ మీదే పట్టుకున్నారు. ఆసుపత్రుల్లోని రోగుల దగ్గరా అది దొరికింది. బ్యాక్టీరియా పైపొరకి ఉన్న రుణావేశాన్ని తగ్గించేస్తుంది, దాంతో కొలిస్టిన్‌కి అంటుకునే చోటు ఉండదు.

డెన్మార్క్‌లో పందుల నుంచి వచ్చే, మెథిసిలిన్‌కి లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా అయిన సీసీ398 అనే ఎంఆర్‌ఎస్ఏ, పందిని ఎప్పుడూ ముట్టుకోనివాళ్ల రక్తంలోనూ దొరికింది. 2012లో దాని జీనోములు పోల్చి చూస్తే అది మొదట మనుషుల నుంచే పందుల్లోకి వెళ్లిందని తేలింది. వెళ్లేటప్పుడు మామూలు మందులకి లొంగేదే. టెట్రాసైక్లిన్, మెథిసిలిన్‌లని తట్టుకునే జీన్లు పందుల్లో ఉండగా సంపాదించుకుంది.

అలాగని అన్నీ కోళ్ల నెత్తిన రుద్దకండి. మన ఐసీయూల్లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా కొలిస్టిన్‌కి లొంగడం లేదంటే ఎక్కువసార్లు కారణం ఎంజీఆర్‌-బీ అనే దాని సొంత క్రోమోజోమ్ జీన్ పాడవడం. అది మనం ఎడాపెడా ఎక్కించిన కొలిస్టిన్ పుణ్యం. ఇంకో బాధ చెప్పనివ్వండి. యాంటీబయాటిక్ రెండు డోసులు పడ్డాక కల్చర్‌కి కాస్తంత రక్తం పంపి "ఏమీ పెరగలేదా?" అని ఫోన్ చేసే డాక్టర్లతో విసిగిపోయాను. పెద్దవాళ్లకి సీసాకి 8 నుంచి 10 ఎంఎల్ కావాలి, అదీ మందు మొదలుపెట్టకముందే. కొలిస్టిన్‌కి మందు పట్టించిన కాగితపు బిళ్ల (డిస్క్) పెట్టి చూసి "పనిచేస్తుంది" అని రాసిచ్చే ల్యాబులు మరీ ఘోరం. ఆ మందు బ్యాక్టీరియాని పెంచే జెల్లీ అయిన అగార్‌లో సరిగ్గా పాకదు, ద్రవంలో మందుని రకరకాల పాళ్లలో కలిపి చూసే బ్రాత్ మైక్రోడైల్యూషన్ లాంటి పరీక్ష చేయాల్సిందే.

2019 జులైలో కేంద్రం కోళ్లకీ, పశువులకీ, చేపల చెరువులకీ కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మంచిదే. ఎన్రో, డాక్సీ మాత్రం ఆ నిషేధంలో లేవు.

ఇక చికెన్. బాగా ఉడికితే బ్యాక్టీరియా చస్తుంది, భయం లేదు. మా ఇంట్లో ఆదివారం మానలేదు. పచ్చి మాంసం కోసిన కత్తితోనే, పీట మీదే టమాటా కోయకండి, కుళాయి కింద కడిగి సింకంతా చిమ్మకండి. ఫారంలో పనిచేసేవాళ్లకి చలిజ్వరం వస్తే కోళ్ల మధ్య పనిచేస్తున్నామని డాక్టరుకి ముందే చెప్పాలి, ఏ మందు ఎక్కించకముందే బ్లడ్ కల్చర్ తీయమని అడగాలి.